మిల్లు కొనేముందు రాయిని చదవండి: చిన్న బంగారు గనికి క్రషర్, మిల్లు ఎంచుకుని నడిపే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

నెలకు ఒకరిద్దరైనా తిరుపతి దగ్గర గాజులమండ్యంలోని మా షెడ్డుకు వచ్చి అడిగే మాట ఒకటే. "అన్నా, గంటకు టన్ను రాయి నూరే మిల్లు ఎంతకు చేసిస్తావు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "రాయి తెచ్చినావా నాయనా?" తెచ్చినవాళ్లు తక్కువ. ఫోన్లో ఎవరిదో మిల్లు ఫొటో చూపించి ఇలాంటిదే కావాలంటారు.

ఏ గింజకు ఏ పని అన్నది మన ఇళ్లలో ఎవరూ నేర్పనక్కర్లేదు. వడ్లు దంచుతాం, రాగులు విసురుతాం, మినుములు రుబ్బుతాం, మందు నూరుతాం. వడ్లను రుబ్బురోట్లో వేస్తే బియ్యం రాదు, మినుములను రోకటితో దంచితే వడ రాదు. బంగారు రాయి కూడా అంతే. రాయిలో బంగారం ఎంత సైజులో ఇరుక్కుని ఉందో అది విడిపడేంత వరకే నూరాలి. ముతకగా ఆపేస్తే బంగారం రాతిలోనే ఉండిపోయి, బంగారం తీశాక మిగిలే వ్యర్థపు పొడి అయిన టైలింగ్స్‌తో పోతుంది. మరీ మెత్తగా నూరితే పలుచని రేకై నీళ్ల మీద తేలి పోతుంది. ఈ మార్గదర్శి మొత్తం ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

నేను చిత్తూరు దగ్గర కంకర క్రషర్లలో ఫిట్టరుగా మొదలుపెట్టాను. తర్వాత టాంజానియాలో గేటా వైపు చిన్న గనుల మిల్లుల్లో పనిచేశాను. అక్కడి స్వాహిలీలో మిల్లును కరాషా అంటారు. మన వైపు నుంచి అలా పనికి వెళ్లేవాళ్లు, వాళ్లకు యంత్రాలు చేసిచ్చే షెడ్లవాళ్లు, ఇక్కడ లీజు ఉన్న కంపెనీలకు నమూనాలు పరీక్షించే కుర్రాళ్లు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి

కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులు ఉన్నాయి. కోలారు బంగారు గనుల రాతి పట్టీయే దక్షిణంగా సాగి చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన ఆ గనులు 2001లో కోలారుతో పాటే మూతపడ్డాయి. తర్వాత ఆ బ్లాకు వేలంలో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీకి దక్కింది. ఆ చుట్టుపక్కల కొండల్లో తెల్ల పలుగురాయి కనబడగానే ఇంటికి తెచ్చి దంచుకోవచ్చని కొందరు అనుకుంటారు. అది కుదరదు. మన దేశంలో బంగారం మేజర్ మినరల్, అంటే ప్రధాన ఖనిజం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద, 2015 సవరణ తర్వాత, లీజు వేలంలోనే వస్తుంది. లీజు లేకుండా తవ్వితే ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల వరకు జరిమానా. ఆర్డరు ఇచ్చే మనిషిని లీజు కాగితం అడగడంలో మొహమాటం వద్దు. ఆఫ్రికా దేశాల్లోనూ చిన్న గనికి లైసెన్సు ఉంటుంది, ప్రాసెసింగుకు వేరే లైసెన్సు అడిగే చోట్లూ ఉన్నాయి. అక్కడికి పోయేవాళ్లు విమానం ఎక్కకముందే అది చూసుకోవాలి.

మొదటి మెట్టు: రాయిని చదవడం

దీనికి కావలసినవి ఇనుప రోలు, రోకలి, నాలుగైదు జల్లెడలు, ఒక పళ్లెం, మిల్లీగ్రాములు చూపించే చిన్న కాటా. కోట్ల రూపాయల నిర్ణయాలు ఈ సామాను మీదే నిలబడతాయి.

నమూనా తెచ్చేటప్పుడు మెరిసే రాయిని ఏరుకోవద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే. సిర, అంటే రాతిలో బంగారం ఉన్న పట్టీ, దాని వెడల్పంతా ఈ అంచు నుంచి ఆ అంచుకు సమానంగా కొట్టి, పక్కరాయి ఎంత కలుస్తుందో అంత కలిపి, కనీసం 20 కిలోలు తీసుకోండి. గని నడిచేటప్పుడు మిల్లులోకి వచ్చేది ఆ కలగాపులగం రాయే. దాన్ని చిన్న ముక్కలు చేసి టార్పాలిన్ మీద గోపురంలా పోయండి, పైన అదిమి చపాతీలా పరచండి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు మాత్రం ఉంచుకోండి. మళ్లీ కలిపి మళ్లీ అలాగే చేయండి. చివరికి 5 కిలోలు మిగలాలి.

ఈ 5 కిలోలను దంచి, మొత్తం 1 మిల్లీమీటరు జల్లెడ దాటేదాకా తీసుకురండి. జల్లెడ మీద మిగిలింది పారేయకూడదు, మళ్లీ దంచాలి. మొత్తం దాటాక పళ్లెంలో వేసి నీళ్లలో గాలించండి. బియ్యంలో రాళ్లు గాలించే చేతికి ఈ పని సులువుగా వస్తుంది, కాకపోతే ఇక్కడ మనకు కావలసింది అడుగున మిగిలేదే. తేలికైన తెల్లరాయి పొడి అంచు మీదుగా జారిపోతుంది. నల్ల ఇసుక నెలవంకలా మిగులుతుంది. పళ్లెం వంచి చారెడు నీళ్లతో ఆ నెలవంకను మెల్లగా ముందుకు తోసినప్పుడు నల్లటిదంతా కదులుతుంది, వెనక ఒక పచ్చటి గీత మాత్రం కదలకుండా ఉండిపోతుంది. బంగారం సాంద్రత 19.3, పలుగురాయిది 2.65. ఆ తేడా కంటికి కనబడేది ఈ ఒక్క క్షణంలోనే. మొదటిసారి చూసినప్పుడు నేను పళ్లెం కింద పెట్టలేకపోయాను.

పచ్చగా మెరిసిందల్లా బంగారం కాదని తెలిసిందే. చేతిని నీడగా పెట్టి చూడండి. పైరైటు ఒక కోణంలోనే మెరిసి నీడలో నల్లబడుతుంది, బంగారం రంగు మారదు. అనుమానం ఉంటే సుత్తితో తట్టండి. పైరైటు పొడి అవుతుంది, బంగారం రేకులా సాగుతుంది.

దొరికిన బంగారాన్ని విడిగా తూచి రాసుకుని, గాలించగా పోయిన పొడినంతా ఆరబెట్టి ఈసారి అర మిల్లీమీటరుకు దంచి మళ్లీ గాలించండి. తర్వాత పావు మిల్లీమీటరు, ఆ తర్వాత 0.15 మిల్లీమీటరు. జల్లెడ కన్నాలను లెక్కపెట్టే మెష్ లెక్కలో ఇవి 18, 35, 60, 100. ఒక ఉదాహరణ చెబుతాను. 5 కిలోల్లో వరుసగా 12, 15, 9, 4 మిల్లీగ్రాములు వచ్చాయనుకోండి. మొత్తం 40, అంటే టన్నుకు 8 గ్రాములు చేతికొస్తుంది. అందులో 36, అంటే నూటికి 90 వంతులు, పావు మిల్లీమీటరు దగ్గరికే వచ్చేసింది. ఈ నాలుగు అంకెలున్న కాగితం తెస్తే మిల్లు గురించి మాట్లాడటానికి నాకు పావుగంట చాలు.

చివరి టైలింగ్స్‌ను ల్యాబులో ఫైర్ అస్సే, అంటే కరిగించి బంగారం ఎంతుందో తేల్చే పరీక్ష, చేయించండి. 75 మైక్రాన్ల దాకా, అంటే 200 మెష్ దాకా నూరినా సగం బంగారం టైలింగ్స్‌లోనే ఉందంటే అది ఆర్సెనోపైరైటు లాంటి గంధకపు ఖనిజాల లోపల బందీగా ఉందన్నమాట. ఆ రాయికి చిన్న మిల్లు పెట్టకండి. ఎంత మంచి యంత్రమైనా అక్కడ డబ్బు తినడమే తప్ప ఇచ్చేది ఉండదు.

రెండో మెట్టు: జా క్రషర్

మన వైపు కంకర క్రషర్ల పుణ్యమా అని రెండు ఉక్కు దవడల మధ్య రాయిని నలిపే ఈ యంత్రం తెలియని ఫిట్టర్ లేడు. కానీ కంకర అలవాట్లు కొన్ని ఇక్కడ పనికిరావు. కంకర దగ్గర డస్టు చవక సరుకు, గాలికి పోయినా పట్టించుకోరు. ఇక్కడ డస్టులోనే సొమ్ము ఉంది. క్రషర్ కింద, చుట్టూ నేల సిమెంటు చేసి, పని ముగిశాక చీపురుతో ఊడ్చి ఆ మట్టిని మిల్లులో వేయాలి.

చిన్న గనికి రెండు సైజులు చాలు. నోరు 150 ఇంటూ 250 మిల్లీమీటర్లది గంటకు 1 నుంచి 3 టన్నులు పగలగొడుతుంది, 7.5 హెచ్‌పీ మోటారు సరిపోతుంది. 250 ఇంటూ 400 దానికి 20 హెచ్‌పీ కావాలి, గంటకు 5 టన్నుల పైనే. రెండోది చూడగానే మనసు లాగుతుంది. కానీ వెనక ఉన్న మిల్లు గంటకు ఒక టన్నే నూరగలిగితే పెద్ద క్రషర్ గంట నడిచి నాలుగు గంటలు ఊరకే నిలబడుతుంది. రాయి ముక్కలు మరీ పెద్దవిగా వస్తే తప్ప చిన్నదే తీసుకోండి. నోటి వెడల్పులో 80 శాతానికి మించిన రాయిని వేయకూడదు. 150 నోటికి 120 మిల్లీమీటర్లు హద్దు, అంతకన్నా పెద్దదాన్ని సుత్తితో కొట్టుకోవడమే.

జా ప్లేట్లు మాంగనీస్ స్టీలువి కావాలి, మాంగనీసు 12 నుంచి 14 శాతం ఉన్నవి. ఆ లోహానికి ఒక గుణం ఉంది. దెబ్బ తగిలేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. మామూలు మైల్డ్ స్టీలు ప్లేటు పెడితే పలుగురాయి దాన్ని వారాల్లో నాకేస్తుంది. కింది అంచు ముందు అరుగుతుంది కాబట్టి సగం అరిగాక ప్లేటును తలకిందులు చేసి బిగించండి.

కింది ఖాళీ ఎంతుందో కొలవడానికి క్రషర్‌ను ఉత్తగా నడుపుతూ తీగకు కట్టిన సీసపు ముద్దను పై నుంచి దించండి. నలిగి వచ్చిన ముద్ద మందం చూస్తే సరి. క్రషర్ ఆపకుండా లోపలికి చెయ్యి గానీ టేపు గానీ పెట్టకూడదు. మనకు 10, 12 మిల్లీమీటర్ల ముక్క కావాలి. కింద 12 మిల్లీమీటర్ల జల్లెడ పెట్టి, దాటనిదాన్ని మళ్లీ నోట్లో వేయండి.

కదిలే దవడను వెనక నుంచి ఆనించి పట్టే టాగిల్ ప్లేటు గురించి ఒక సంగతి చెప్పాలి. క్రషర్‌లో ఇనుప ముక్క పడినప్పుడు మిగతా యంత్రాన్ని కాపాడుతూ విరిగిపోయేలా దాన్ని పోతపోస్తారు. కరెంటు ఫ్యూజు ఎలాంటిదో అదీ అలాంటిదే. నేను పనిచేసిన ఒక చోట అది రెండుసార్లు విరిగిందని విసుగొచ్చి, షిఫ్టు మేస్త్రీ దాని స్థానంలో మందపాటి ప్లేటు వెల్డింగు చేయించాడు. నేను వద్దన్నాను గానీ గట్టిగా నిలబడలేదు. మూడో రోజు మట్టి తోడే యంత్రం బకెట్ పల్లు ఒకటి రాయితో పాటు లోపల పడింది. ప్లేటు విరగలేదు, దవడను ఆడించే పిట్‌మన్ పగిలింది. విడిభాగం వచ్చేసరికి నెల పట్టింది, అన్నాళ్లూ కూలీలందరూ ఖాళీగా కూర్చున్నారు. అప్పటి నుంచి నేను అమ్మే ప్రతి క్రషర్‌తో రెండు స్పేర్ టాగిల్ ప్లేట్లు కలిపే పంపిస్తాను.

మూడో మెట్టు: ఏ మిల్లు?

స్టాంపు మిల్లు అంటే యంత్రపు రోకలి. కోలారులో బ్రిటిషు వాళ్ల కాలంలో ఇవే వరుసలుగా నిలబడి దంచేవి. జింబాబ్వేలో మూడు రోకళ్లవి, ఐదు రోకళ్లవి ఇప్పటికీ చిన్న గనుల్లో నడుస్తున్నాయి. మొద్దు యంత్రమే, కానీ పల్లెటూరి వెల్డర్ కూడా బాగుచేయగలడు. కణం జల్లెడ దాటే సైజుకు రాగానే నీళ్లతో బయటికి పోతుంది కాబట్టి బంగారాన్ని అతిగా నూరదు. మీ కాగితంలో బంగారమంతా అర మిల్లీమీటరు దగ్గరే వస్తుంటే, దగ్గరలో మెకానిక్కు లేకపోతే, దీన్ని చిన్నచూపు చూడకండి.

హామర్ మిల్లు చవక, చిన్నది, ట్రాక్టరు మీద ఎక్కించి తీసుకుపోవచ్చు. అందుకే అందరూ దీన్నే అడుగుతారు. నేను మెత్తని, పుచ్చిన రాతికే ఇస్తాను. పలుగురాయి గట్టిదనం మోస్ కొలతలో 7. నిమిషానికి వెయ్యి చుట్లు పైన తిరిగే సుత్తి అంచులను అది గంటల్లో గుండ్రంగా చేసేస్తుంది. ఇంకా పెద్ద బాధ దుమ్ము. పొడిగా నడిచే హామర్ మిల్లు నుంచి లేచేది కంటికి కనబడని సిలికా. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, నయం చేసే మందు లేదు. కుప్పం, కోలారు వైపు ఇళ్లలో దగ్గుతూ పోయిన తాతలు ఎవరికీ కొత్త కాదు. హామర్ మిల్లు తప్పదనుకుంటే లోపలికి నీళ్లు చిమ్ముతూ తడిగానే నడపండి.

వెట్ పాన్ మిల్లు చూస్తే మన ఇంటి గ్రైండరే గుర్తొస్తుంది. గుండ్రటి తొట్టిలో రెండు బరువైన ఇనుప చక్రాలు తిరుగుతూ నీళ్లలో రాయిని రుబ్బుతాయి. సూడాన్, మౌరిటానియా వైపు విరివిగా వాడతారు. శబ్దం తక్కువ, దుమ్ము లేదు. బంగారాన్ని పట్టుకోవడానికి చాలాచోట్ల తొట్టి అడుగున పాదరసం పోసి నడుపుతారు, దాని సంగతి కిందికి వస్తాను.

బాల్ మిల్లు అంటే ఉక్కు గుండ్లు నింపి తిప్పే డ్రమ్ము. దీని ఖరీదు ఎక్కువ, పునాది గట్టిగా కావాలి, నడపడానికి తెలివి కావాలి. కానీ గట్టి పలుగురాయిని పావు మిల్లీమీటరు, అంతకన్నా మెత్తగా, రోజుల తరబడి ఒకే తీరుగా నూరాలంటే దీనికి సాటి లేదు. మిగతా వివరం దీని గురించే.

నాలుగో మెట్టు: బాల్ మిల్లును కట్టడం, నింపడం

900 ఇంటూ 1800 మిల్లీమీటర్ల మిల్లును తీసుకుందాం. చిన్న గనులకు ఎక్కువగా పోయేది ఇదే. డ్రమ్ము గోడ అరగకుండా లోపల వేసే పలకలు, అంటే లైనర్లు, బిగించాక లోపలి వ్యాసం 84 సెంటీమీటర్లు, పొడవు 174 సెంటీమీటర్లు ఉంటాయనుకోండి.

మొదట వేగం. డ్రమ్ము మరీ వేగంగా తిరిగితే గుండ్లు గోడకు అతుక్కుని పైనే తిరుగుతాయి, ఒక్కటీ కింద పడదు. ఆ హద్దు వేగం తెలుసుకోవాలంటే లోపలి వ్యాసంలోంచి పెద్ద గుండు వ్యాసం తీసేసి, మీటర్లలో దాని వర్గమూలం కట్టి, 42.3ని దానితో భాగించాలి. మన మిల్లుకు 0.84లోంచి 0.08 తీస్తే 0.76, వర్గమూలం 0.872. అంటే హద్దు వేగం నిమిషానికి 48.5 చుట్లు. అందులో 75 శాతం, 36 చుట్లు, మనం నడపాల్సిన వేగం. 960 చుట్ల మోటారు నుంచి 36కు రావాలంటే డ్రమ్ము చుట్టూ ఉండే పెద్ద పళ్ల చక్రం, అంటే గర్త్ గేరు, దగ్గర 7 వంతులు, బెల్టు పుల్లీల దగ్గర 3.8 వంతులు తగ్గిస్తే సరిపోతుంది. ఫొటో చూసి పుల్లీ సైజు కాపీ కొట్టిన మిల్లుల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇక్కడే ఉంటుంది.

తర్వాత గుండ్లు. డ్రమ్ములో ఉన్న చోటులో 35 శాతం గుండ్లు నిండాలి. మన మిల్లు లోపలి చోటు 0.96 ఘనపు మీటరు. అందులో 35 శాతం 0.337. ఘనపు మీటరు ఉక్కు గుండ్ల కుప్ప 4.65 టన్నులు తూగుతుంది కాబట్టి లెక్కకు సుమారు 1.57 టన్నులు వస్తుంది. మొదట 1.5 టన్నులు వేయండి: 80 మిల్లీమీటర్లవి 450 కిలోలు, 60వి 600, 40వి 450. పెద్దవి ముక్కను పగలగొడతాయి, చిన్నవి పొడిని నూరుతాయి. నడిచేకొద్దీ అన్నీ అరిగి చిన్నవవుతాయి కనుక తర్వాత కలిపేటప్పుడు పెద్దవే కలపాలి. గుండ్లు ఫోర్జింగు చేసినవి కొనండి. నాసిరకం పోత గుండ్లు సగానికి పగిలి, ఆ ముక్కలు మిల్లు నోట్లో ఇరుక్కుని పని ఆపేస్తాయి.

నెల తర్వాత గుండ్లు ఎంత తగ్గాయో తూచి చూడనక్కర్లేదు. మిల్లు ఆపి, మెయిన్ స్విచ్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, మూత తీసి, పైకప్పు నుంచి గుండ్ల మట్టం దాకా కొలబద్ద పెట్టండి. మన మిల్లులో అది 52 సెంటీమీటర్లు ఉంటే నిండుదల 35 శాతం. 55 అయితే 30 శాతం చిల్లరకు పడిపోయింది, గుండ్లు కలపాలి.

నీళ్ల దగ్గర చాలామంది చెయ్యి ధారాళంగా ఉంటుంది. అట్లు పోసే పిండిలా జారుగా పెడితే గుండు మీద పొడి నిలవదు, గుండు గుండును కొట్టుకుంటుంది, ఉక్కు అరుగుతుంది, రాయి నలగదు. సంగటిలా గట్టిగా ఉంటే గుండ్లు బురదలో కూరుకుని కదలవు. బరువులో 70 వంతులు రాయి, 30 వంతులు నీళ్లు ఉండాలి. టన్ను రాయికి 430 లీటర్లన్నమాట. సరిగ్గా ఉందో లేదో చూడటానికి లీటరు డబ్బాతో మిల్లు నోటి దగ్గర బురద పట్టి తూచండి. డబ్బా బరువు తీసేస్తే 1.8 కిలోలకు కాస్త అటూఇటూగా రావాలి. 1.5 వచ్చిందంటే నీళ్లు ఎక్కువ. ఇంకో గుర్తు కూడా ఉంది. మిల్లు ఆపినప్పుడు ఒక గుండు తీసి పట్టుకుంటే గట్టి పెరుగులా పలుచని పూత దాని మీద అంటుకుని ఉండాలి. గుండు నిగనిగలాడుతుంటే నీళ్లు తగ్గించండి.

మిల్లు శబ్దం వినడం నేర్చుకోండి. సరిగ్గా నడిచే మిల్లు నుంచి చెరువు కట్ట మీద వానపడినట్టు బరువైన, ఎడతెగని మోత వస్తుంది. గణగణమని ఇనుము ఇనుముకు తగిలే మోత వస్తుంటే లోపల రాయి లేదు, మీ లైనర్లను మీరే తింటున్నారు. మోత మూగబోతుంటే రాయి ఎక్కువైంది, కాసేపు మేత ఆపండి. అందుకే మేత పారతో దొబ్బున వేయకూడదు, సన్నగా ఒకే ధారగా పోవాలి. చిన్న బెల్ట్ ఫీడర్ పెట్టడం కష్టమైతే ఒక మనిషిని ఆ ఒక్క పనికే పెట్టండి.

కరెంటు లెక్క, అందులో దాగిన అసలు సంగతి

ఈ మిల్లుకు 25 హెచ్‌పీ, అంటే 18.5 కిలోవాట్ల మోటారు పెడతాం. పలుగురాయిని 10 మిల్లీమీటర్ల నుంచి పావు మిల్లీమీటరుకు నూరడానికి నూరడానికి పట్టే శక్తిని లెక్కగట్టే బాండ్ సూత్రం ప్రకారం టన్నుకు ఇంచుమించు 7.5 యూనిట్లు పడతాయి. 0.15 మిల్లీమీటరుకు 10 యూనిట్లు. 75 మైక్రాన్లకు దాదాపు 15. అంటే నాలుగు టన్నులను పావు మిల్లీమీటరుకు నూరే సమయంలో 0.15కు మూడు టన్నులే నూరగలం.

ఇప్పుడు మొదటి మెట్టు కాగితం మళ్లీ తీయండి. పావు మిల్లీమీటరు దగ్గర టన్నుకు 7.2 గ్రాములు, నాలుగు టన్నులకు 28.8 గ్రాములు. 0.15 దగ్గర టన్నుకు 8 గ్రాములు, మూడు టన్నులకు 24 గ్రాములు. మెత్తగా నూరిన మిల్లు అదే సమయంలో తక్కువ బంగారం ఇచ్చింది. రాయి దండిగా ఉన్నవాడు పావు దగ్గర ఆపి, టైలింగ్స్‌ను జాగ్రత్తగా దాచుకోవడం మేలు. రాయిని లోతు నుంచి ఖర్చుపెట్టి తెచ్చేవాడికి, టన్ను టన్నుకూ డబ్బు కట్టేవాడికి, మెత్తగా నూరడమే మేలు. ఒకే రాయికి ఇద్దరికీ వేరు వేరు జవాబులు. మోటారు శక్తి మొత్తం లెక్కేస్తే 0.15కు గంటకు 1.8 టన్నుల పైనే కాగితం మీద వస్తుంది గానీ, 1 టన్ను అనుకునే లెక్కలు వేసుకోండి. జనరేటర్ మీద నడిపేవాళ్లు లీటరు డీజిలుకు 3 యూనిట్లని పట్టుకుంటే తేడా రాదు.

ఐదో మెట్టు: మధ్యలోనే బంగారం తీయడం

బంగారం రాయిలా పగలదు. సాగుతుంది. మిల్లులో ఎక్కువసేపు ఉన్న కణం గుండ్ల కింద రేకై, మడతపడి, రాతి పొడి పూసుకుని పళ్లేనికి చిక్కని రూపంలోకి మారుతుంది. అందుకని విడిపడిన బంగారాన్ని విడిపడిన చోటే పట్టుకోవాలి. మిల్లు నోటి కిందే చిన్న గుంటలాంటి ట్రాప్ పెట్టండి, ముతక బంగారం అందులో కూర్చుంటుంది. ఆ తర్వాత జల్లెడ. దాటనిది మళ్లీ మిల్లులోకి. దాటినదానికి నీళ్లు కలిపి పలుచన చేసి, కార్పెట్ పరచిన వాలు తొట్టి, అంటే స్లూయిస్, మీదికి వదలండి. మిల్లులో 70 వంతులున్న రాయి స్లూయిస్ దగ్గర 20, 25 వంతులకు రావాలి. అడుగు పొడవుకు ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం వాలు పెట్టి, పరచిన కార్పెట్ మీద అల సన్నగా, ఒకే తీరుగా పారుతున్నదో లేదో చూడండి. కార్పెట్‌ను రెండు మూడు గంటలకొకసారి తీసి డ్రమ్ములో కడగాలి. నల్ల ఇసుకతో నిండిన కార్పెట్ మీద నుంచి బంగారం జారిపోతుంది.

గంటకొక చెంబు చొప్పున టైలింగ్స్ పట్టి, పూటకొకసారి పళ్లెంలో గాలించండి. పచ్చ గీత కనబడితే వెంటనే కారణం వెతకాలి. అది విడి కణమైతే తప్పు స్లూయిస్‌ది, రాతి ముక్కకు అంటుకుని ఉంటే తప్పు మిల్లుది. భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

పాదరసం గురించి. దయచేసి మిల్లులో పోయకండి. రాయి మొత్తంతో పాదరసం కలిపే పద్ధతిని అడ్డుకోవాల్సిన అతి చెడ్డ పనుల జాబితాలో, పాదరసాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందమైన మినామాటా ఒప్పందం పెట్టింది, మన దేశం 2018లో ఆ ఒప్పందంలో చేరింది. గుండ్ల కింద పాదరసం పిండిలా చితికి నీళ్లతో పోతుంది, తను పట్టిన బంగారాన్ని కూడా తీసుకుపోతుంది. ఆ నీళ్లు ఏ వంకలో కలుస్తాయో అక్కడి చేపలో, దాన్ని తిన్న తల్లి కడుపులోని బిడ్డలో తేలుతుంది. గేటాలో ఒక ఇల్లాలు వంట చేసే పొయ్యి మీదే పాదరసపు ముద్దను కాల్చడం చూశాను. పక్కన పసివాడు ఆడుకుంటున్నాడు. కార్పెట్ కడిగిన మట్టిని ఓపికగా మళ్లీ మళ్లీ గాలించి, అయస్కాంతంతో నల్ల ఇసుక తీసి, బొరాక్సు వేసి నేరుగా కరిగించొచ్చు. మన ఊళ్లలో కంసాలి దుకాణాల దుమ్ము గాలించి బంగారం తీసే జలగడుగువాళ్ల చేతిపని చూసినవాళ్లకు ఆ ఓపిక ఎంత రాబట్టగలదో తెలుసు.

రోజూ, వారానికి చూసుకోవాల్సినవి

బెల్టులకు, గేర్లకు మెష్ గార్డు లేకుండా ఒక్క రోజూ నడపొద్దు. లుంగీ, కండువా మిల్లు దగ్గరికి రాకూడదు. క్రషర్ నోటి దగ్గర సన్నగా నీళ్లు చిమ్మే నాజిల్ పెట్టండి, అక్కడి మనిషికి గుడ్డ కాదు, ఎన్95 మాస్కు ఇవ్వండి. బేరింగుల మీద రోజూ చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆపాలి. క్రషర్ బేరింగుకు గ్రీజు తక్కువైనా చెడుపే, ఎక్కువైనా చెడుపే. కొత్త మిల్లులో లైనర్ బోల్టులు మొదటి పూట తర్వాత, మొదటి రోజు తర్వాత, మొదటి వారం తర్వాత మళ్లీ బిగించాలి. బోల్టు దగ్గర బురద చెమ్మ కనబడిందంటే అది వదులైందని అర్థం, ఆ చెమ్మతో పాటు సన్న బంగారం కూడా కారుతోంది.

లైనర్లు మార్చే రోజు పనిని కూలీకి వదిలేసి పోకండి. దగ్గరుండండి. మిల్లు కింద టార్పాలిన్ పరచి, బోల్టులు విప్పి, ఒక్కొక్క లైనర్‌ను తీసేటప్పుడు దాని వీపున, డ్రమ్ము గోడకు మధ్య, వేలి మందాన గట్టిపడిన నల్లటి మట్టి ఉంటుంది. ఉలితో గీకి, కుంచెతో దులిపి, ఒక్క చిటికెడూ వదలకుండా బకెట్లో వేయండి. బరువైనది ఎప్పుడూ సందుల్లోకే దిగుతుంది, నెలల తరబడి ఆ సందులోకి దిగింది బంగారమే. ఆ మట్టిని ఆ సాయంత్రమే, వెలుతురు ఉండగానే, మీ చేత్తో మీరే గాలించండి.